దె ఆంద్రె పాటల్లో దె ఆంద్రెది ఎంత?

క్లుప్తంగా: ఇటలీ గాయక రచయిత ఫాబ్రిజియో దె ఆంద్రె (1940–1999) పాటలు అక్కడి స్కూలు పుస్తకాల దాకా వెళ్లాయి. కానీ ఆయన ఆల్బమ్‌లలో ఎక్కువ వాటికి సహ రచయితలున్నారు, కథల్లో చాలా భాగం పాత పుస్తకాల నుంచి, పరాయి భాషల పాటల నుంచి వచ్చినవే. మరి ఆయన సొంత గొప్ప ఏమిటన్న ప్రశ్న తరచూ వస్తుంటుంది. తెచ్చుకున్న సరుకును ఆయన ఎలా మార్చారు, ఎవరి వైపు నిలబడి చెప్పారు, చివరికి ఏ భాషలో చెప్పారు అన్నవి వరసగా చూస్తే జవాబు దొరుకుతుంది.

1999 జనవరి 13న జెనోవా నగరంలో, కరిన్యానో గుట్ట మీది చర్చి ముందు పదివేల మందికి పైగా జనం చేరారు. రెండు రోజుల ముందు మిలాన్‌లో ఊపిరితిత్తుల కేన్సర్‌తో చనిపోయిన దె ఆంద్రె అంత్యక్రియలవి. వచ్చినవాళ్లలో నగర పెద్దలున్నారు, రేవు పక్క సందుల్లో బతికేవాళ్లున్నారు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ జెండాలూ అనార్కిస్టుల జెండాలూ పక్కపక్కనే ఎగిరాయి.

పోయిన మనిషి మామూలు అర్థంలో స్టార్ కాదు. ఇటలీలో గాయకులకు రాజమార్గమైన సాన్రెమో పాటల పోటీలో ఒక్కసారి కూడా పాల్గొనలేదు. టీవీకి దూరంగా ఉండేవారు. తొలి రికార్డు 1961లో వస్తే, జనం ముందు కచేరీలు మొదలుపెట్టింది 1975లో. మొత్తం స్టూడియో ఆల్బమ్‌లు 13. చివరి పన్నెండేళ్లలో వచ్చినవి రెండే. ఇంత తక్కువ సరుకుతో ఇంత పెద్ద పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు అప్పటి ఇటలీ పాటల బజారు ఎలా ఉండేదో చూడాలి.

పాట ముగ్గురి పనిగా ఉన్న రోజులు

సాన్రెమో పోటీ 1951లో మొదలైంది. ఆ బజారులో మాటలు ఒకరు రాసేవారు, బాణీ మరొకరు కట్టేవారు, పాడేది మూడో మనిషి. తెలుగు సినిమా పాట నడిచే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. 1958లో దొమెనికో మొదున్యో తాను రాయడంలో పాలుపంచుకున్న పాటను తానే పాడి సాన్రెమోలో గెలిచినప్పుడు ఆ పద్ధతికి తొలి పెద్ద దెబ్బ తగిలింది. మరో రెండేళ్లకే రికార్డు కంపెనీలు ఈ కొత్త రకం గాయకులకు ఒక పేరు పెట్టుకున్నాయి: కాంటౌతోరె. గాయకుడు, రచయిత అనే రెండు ఇటాలియన్ మాటలు అతికించి చేసిన మాట అది. తెలుగులో దీనికి సరిపోయే వాగ్గేయకారుడు అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఇటలీవాళ్లు మాత్రం 1960లో ఒకటి తయారు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ తొలి తరంలో చాలామంది జెనోవా వాళ్లే. జీనో పావొలి, లుయీజీ టెంకో, ఉంబెర్తో బిందీ, బ్రూనో లౌజీ, దె ఆంద్రె. వీళ్లను కలిపి జెనోవా బడి అంటారు గానీ అది నిజంగా బడి ఏమీ కాదు. ఒకే ఊళ్లో, దాదాపు ఒకే వయసులో, ఫ్రెంచి పాటలు వింటూ పెరిగిన స్నేహితుల గుంపు. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరే, రేవు పట్నం కాబట్టి పరాయి రికార్డులు సులువుగా దొరికేవి. దె ఆంద్రెకి పట్టుకున్నది ఫ్రెంచి గాయక రచయిత జార్జ్ బ్రాసెన్స్. గిటార్, గొంతు, వెక్కిరింత తప్ప మరేం లేని ఆ పాటలను ఆయన కొన్నేళ్లపాటు ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ కూర్చున్నారు.

1967 జనవరి 27 తెల్లవారుజామున, సాన్రెమో పోటీలో పాట తిరస్కరణకు గురైన టెంకో హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. పాటల బజారుకూ ఈ కొత్త తరానికీ మధ్య గీత అక్కడ పడింది. దె ఆంద్రె అదే ఏడాది తెచ్చిన తొలి ఆల్బమ్‌లో మొదటి పాట, ఆత్మహత్య చేసుకున్నవాళ్లను స్వర్గంలోకి రానివ్వమని దేవుణ్ని అడిగే ప్రార్థన. తర్వాత 1972లో సాన్రెమోలోనే టెంకో పేరిట ఒక క్లబ్ పుట్టింది. పోటీకి ప్రత్యామ్నాయంగా గాయక రచయితలకు వేదికా, పురస్కారాలూ ఇవ్వడం దాని పని.

విచిత్రం ఏమిటంటే, దె ఆంద్రెని నిలబెట్టింది ఆ పాత బజారే. 1964లో ఆయన పాడిన మారినెల్లా పాట పెద్దగా కదలలేదు. 1967లో అప్పటి టీవీ మహారాణి మీనా దాన్ని పాడేసరికి ఇల్లిల్లూ మోగింది, రచయితగా రాయల్టీ వచ్చింది. అప్పటికి ఆయనకు పెళ్లయి కొడుకున్నాడు, లా చదువు చివర్లో ఆగిపోయి ఉంది. మీనా ఆ పాట పాడకపోయి ఉంటే తాను లాయర్ అయ్యేవాణ్నని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

ఉపమేయర్ కొడుకు, రేవు సందులు

తండ్రి జుసెప్పె దె ఆంద్రె జెనోవాకు ఉపమేయర్‌గా చేశారు, ఎరిదానియా అనే పెద్ద చక్కెర కంపెనీని నడిపారు. అన్న మౌరో పేరున్న లాయర్. ఫాబ్రిజియో మాత్రం పాత రేవు వెనక సందుల్లో, పక్కవాడి భుజం తగలకుండా నడవలేనంత ఇరుకు వీధుల్లో తిరిగేవాడు. అతనితో తిరిగిన చిన్ననాటి స్నేహితుడు పావొలో విల్లాజ్జో తర్వాత ఇటలీలో పెద్ద హాస్యనటుడయ్యాడు. ఫాబెర్ కాస్టెల్ పెన్సిళ్లంటే ఇష్టపడే ఈ స్నేహితుడికి ఫాబెర్ అని ముద్దుపేరు పెట్టింది కూడా అతనే. లాటిన్‌లో ఆ మాటకు పనిముట్లతో వస్తువు చేసేవాడు, కమ్మరి అని అర్థం.

ఆ సందుల వెనక ఒక చట్టం ఉంది. 1958లో వచ్చిన మెర్లిన్ చట్టం ఇటలీలో ప్రభుత్వ లైసెన్సుతో నడిచే వేశ్యాగృహాలను మూయించింది. ఇళ్లు మూతపడ్డాయి, మనుషులు మాయం కాలేదు. రేవు పట్నాల్లో ఆ పని వీధుల్లోకి, అద్దె గదుల్లోకి మారింది. 1967లో దె ఆంద్రె పాడిన వియా దెల్ కాంపో ఆ వీధుల్లో ఒకదాని పేరు. వజ్రాల్లో ఏదీ మొలవదు, పూలు పూసేది పేడలోనే అన్న దాని చివరి మాట ఇప్పుడు ఇటలీలో సామెతలా వాడుకలో ఉంది.

అదే ఏడాది వచ్చిన బొక్కా ది రోజా పాటలో ఆయన చూపు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక చిన్న ఊరికి రైలు దిగి ఒక స్త్రీ వస్తుంది. కొందరు తోచక, కొందరు డబ్బు కోసం చేసే పనిని ఆమె ఇష్టం కొద్దీ చేస్తుంది. ఊళ్లో భార్యలకు మండుతుంది, పోలీసు అధికారి దగ్గరికి వెళ్తారు. టోపీల్లో ఈకలు పెట్టుకున్న పోలీసులు, మనసులో ఇష్టం లేకపోయినా, ఆమెను స్టేషన్‌కు తీసుకెళ్లి రైలెక్కిస్తారు. వీడ్కోలు చెప్పడానికి ఊళ్లో మగాళ్లంతా ప్లాట్‌ఫాం మీద ఉంటారు. పసుపు రంగు బోర్డు మీద నల్ల అక్షరాలతో ఆ కబురు రాసి ఉంటుంది. తర్వాతి స్టేషన్‌లో అంతకంటే ఎక్కువ జనం. అక్కడి చర్చి ఫాదర్ మేరీమాత ఊరేగింపులో ఆమెను తన పక్కనే నడిపించుకుంటాడు.

పాటలో ఎవరినీ తిట్టలేదు, ఎవరి మీదా జాలి చూపలేదు. ఫిర్యాదు నుంచి ఊరేగింపు దాకా ఆగకుండా పరుగెత్తే బాణీయే నవ్వు పుట్టిస్తుంది. వేశ్య మీద పాట అనగానే మనకు అలవాటైన కన్నీళ్లు ఇందులో లేవు. సంపన్నుల ఇంటి కుర్రాడు పేదల బతుకును అందంగా చేసి అమ్ముకున్నాడన్న విమర్శ మొదటి నుంచీ ఉంది. తొలి రోజుల కొన్ని పాటలకు అది కొంత అతుకుతుంది కూడా. ఈ పాటకు మాత్రం అతకదు.

రేడియోకు ఇవన్నీ మింగుడుపడలేదు. ఏసును మనిషిగా చూసి రాసిన పాటను ప్రభుత్వ ప్రసార సంస్థ పక్కన పెడితే వాటికన్ రేడియో ప్రసారం చేసింది. చర్చితో ఆయనకు ఉన్న చిక్కు బంధం చివరి దాకా అలాగే సాగింది. జెనోవా రేవు దగ్గర తాగుడుకు, మత్తుకు బానిసలైన వాళ్లకు ఆశ్రయమిచ్చిన డాన్ అంద్రేయా గాల్లో అనే ఫాదర్ ఆయన పాటలను బోధలో వాడుకునేవారు.

అరువు ఎలా సొంతమవుతుంది

1968 నుంచి 1973 దాకా దె ఆంద్రె ఎక్కువగా ఒకే పద్ధతిలో పనిచేశారు. విడివిడి పాటలు కాకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకే కథ లేదా ఒకే ఆలోచన నడిచే ఆల్బమ్. ప్రతిసారీ ఒక పుస్తకమో, పాత మూలమో, పక్కన ఒక సహ రచయితో ఉండేవారు.

1970లో వచ్చిన లా బువోనా నొవెల్లా, బైబిల్‌లో చోటు దక్కని అపోక్రిఫా సువార్తల మీద కట్టినది. విద్యార్థి ఉద్యమాలు ఊపుమీదున్న రోజులవి. కుర్రాళ్లు వీధుల్లో పోలీసులతో తలపడుతుంటే ఈ సువార్తలేమిటని కొందరు చిరాకుపడ్డారు. రెండు వేల ఏళ్ల కిందటే అధికారాన్ని ఎదిరించిన మనిషి కథ ఇది, ఇప్పటి కథే అని ఆయన జవాబు. ఆ ఆల్బమ్‌లో ఏసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ తీతో పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తీసి, ఏది ఎవరికి లాభమో లెక్క చెబుతాడు. దొంగిలించకు అన్న ఆజ్ఞను, ముందే దోచుకున్నవాళ్ల నిండు జేబులను చప్పుడు లేకుండా ఖాళీ చేసి తాను పాటించానేమో అంటాడు.

తర్వాతి ఏడాదిది ఈ చర్చకు అసలైన ఉదాహరణ. అమెరికా కవి ఎడ్గర్ లీ మాస్టర్స్ 1915లో స్పూన్ రివర్ అనే కల్పిత ఊరి శ్మశానంలో పడుకున్నవాళ్లు తమ కథ తామే చెప్పుకునే కవితల సంపుటి తెచ్చారు. ఫాసిస్టు పాలన చివరి రోజుల్లో, 1943లో, ఫెర్నాండా పివానో చేసిన ఇటాలియన్ అనువాదం వచ్చింది. దె ఆంద్రె అందులోంచి 9 కవితలు మాత్రమే తీసుకున్నారు. మాటలకు జుసెప్పె బెంటివోల్యో, సంగీతానికి నికోలా పియోవానీ సాయం. పియోవానీ తర్వాత సినిమా సంగీతానికి ఆస్కార్ అందుకున్నారు.

మూలంలో దాదాపు ప్రతి కవితకూ ఒక మనిషి పేరుంటుంది. దె ఆంద్రె ఒక్కటి తప్ప పేర్లన్నీ తీసేసి ఒక పిచ్చివాడు, ఒక జడ్జి, ఒక డాక్టర్ అని పెట్టారు. అప్పుడు అది అమెరికా ఊరు కాకుండా ఏ ఊరైనా అవుతుంది. జడ్జి కవితనే తీసుకుందాం. మాస్టర్స్ దాంట్లో ఐదడుగుల రెండంగుళాల మనిషి కిరాణా కొట్లో పనిచేస్తూ, కొవ్వొత్తి వెలుగులో చదివి లాయర్ అవుతాడు, ఆ పైన జడ్జి అవుతాడు. ఒకప్పుడు ఎగతాళి చేసినవాళ్లే ఇప్పుడు బోనులో నిలబడి గౌరవంగా పిలవాల్సి వస్తుంది. వాళ్లను నేను ఇబ్బంది పెట్టడం సహజం కాదా అని అడుగుతాడు. కవిత అక్కడితో అయిపోతుంది.

దె ఆంద్రె ఆ మనిషిని ఇంకా కుదించి మీటరున్నర చేశారు. చుట్టూ ఉన్నవాళ్ల ఎగతాళిని బూతు జోకు దాకా తీసుకెళ్లారు. రాత్రుళ్లు మేల్కొని చదివింది పగ కోసమేనని అతనితోనే చెప్పించారు. చివర ఒక మెట్టు అదనంగా వేశారు. ఎందరినో ఉరికి పంపిన ఆ జడ్జి తాను పోయే గడియలో మోకరిల్లుతాడు. దేవుడి ఎత్తెంతో మాత్రం అతనికి తెలియదు. జీవితమంతా ఎత్తు కొలతతో నలిగినవాడికి ఆఖరి భయం కూడా ఎత్తు గురించే. ఈ ముగింపు మూలంలో లేదు.

ఆయన అనువాదకుడా, రచయితా అన్న వాదన ఇలాంటి చోట తేలిపోతుంది. కథ ఇంకొకరిది, బాణీలో సగం ఇంకొకరిది, చివరి మలుపు, దాని వల్ల మొత్తం కథకు వచ్చిన బరువు దె ఆంద్రెవి. బ్రాసెన్స్‌తో, లియొనార్డ్ కొహెన్‌తో, బాబ్ డిలాన్‌తో ఆయన చేసిన పని కూడా ఇంతే. 1978లో సహ రచయిత బుబోలాతో కలిసి డిలాన్ పాట ఒకటి ఇటాలియన్‌లోకి తెచ్చినప్పుడు, మూలంలో స్పానిష్ పలుకులున్న చోట దక్షిణ ఇటలీ మాండలికం పెట్టారు. అమెరికాకు మెక్సికో ఎలాంటిదో, ఉత్తర ఇటలీకి దక్షిణం అలాంటిదన్న ఎత్తిపొడుపు ఆ ఒక్క మార్పులో ఉంది.

సహ రచయితల జాబితా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది: దె గ్రెగోరి, బుబోలా, పగానీ, ఫొస్సాతి. వీళ్లంతా ఆయన కంటే చిన్నవాళ్లు. తనకు రాని సంగీతం ఎవరి దగ్గరుందో చూసి వాళ్ల దగ్గరికి వెళ్లడం ఆయన అలవాటు. అందుకే 1975 ఆల్బమ్‌కూ 1984 ఆల్బమ్‌కూ పోలికే ఉండదు. కవి అని పిలిస్తే తప్పించుకునేవారు. పద్దెనిమిదేళ్ల దాకా అందరూ కవితలు రాస్తారు, ఆ తర్వాత రాసేది కవులూ మూర్ఖులే అన్న తత్వవేత్త క్రోచె మాట చెప్పి, అందుకే నేను కాంటౌతోరెగా ఉండిపోతాను అనేవారు.

ఈ పద్ధతి ప్రతిసారీ ఫలించలేదు. 1973లో వచ్చిన గుమాస్తా కథ అందుకు సాక్ష్యం. 1968 మే నాటి పారిస్ విద్యార్థుల తిరుగుబాటు పాట ఐదేళ్లు ఆలస్యంగా విన్న ఒక ఆఫీసు గుమాస్తా ఒంటరిగా బాంబు తయారు చేస్తాడు, అది పార్లమెంటుకు బదులు ఒక పేపర్ల కియోస్కును పేల్చేస్తుంది. వామపక్ష విమర్శకులకూ నచ్చలేదు, ఆయనకూ తృప్తి లేదు. సిద్ధాంతం మాటలను మింగేసిన చోట్లు అందులో కనిపిస్తాయి. అయినా గుమాస్తా జైల్లోకి వెళ్లాక వచ్చే పాటలను ఇప్పటికీ వింటున్నారు.

స్టేజి భయం, రాక్ బ్యాండు, కిడ్నాప్

జనం ముందు పాడాలంటే ఆయనకు విపరీతమైన టెన్షన్. 1975లో మొదలుపెట్టినప్పుడు కూడా మద్యం గ్లాసు పక్కన ఉంటేనే గొంతు వచ్చేది. 1978 చివర్లో పిఎఫ్ఎమ్ అనే రాక్ బ్యాండు తనతో కలిసి టూర్ చేయమంటే చుట్టూ ఉన్న చాలామంది వద్దన్నారు. గిటార్ ఒక్కదాని మీద నిలిచే పాటలు డ్రమ్స్ కింద నలిగిపోతాయని వాళ్ల భయం. జరిగింది వేరు. 1979లో, 1980లో వచ్చిన ఆ లైవ్ రికార్డుల వల్ల పాత పాటలు కొత్త తరం చేతికి వెళ్లాయి. ఇప్పుడు పెళ్లిళ్లలో, స్టేడియంలలో జనం కోరస్ పాడే జాలరి పాట 1970 నాటి అసలు వరసలో కాదు, ఆ బ్యాండు కట్టిన వరసలో వినిపిస్తుంది.

ఆ టూర్ అయిన కొన్ని నెలలకే, 1979 ఆగస్టు 27 రాత్రి, సార్డీనియా దీవిలో తెంపియో పౌసానియా దగ్గరున్న తన పొలం ఇంటి నుంచి దె ఆంద్రెనీ, ఆయన సహచరి, గాయని దోరి గెజ్జినీ ముసుగు మనుషులు ఎత్తుకుపోయారు. దీవిలో అప్పట్లో డబ్బున్నవాళ్లను ఎత్తుకెళ్లడం ఒక వ్యాపారంలా నడిచేది. దాదాపు నాలుగు నెలలు కొండల్లో చెట్ల కింద ఉంచారు. డిసెంబర్‌లో, క్రిస్మస్‌కు కొద్ది రోజుల ముందు వదిలిపెట్టారు. తండ్రి కట్టిన డబ్బు దాదాపు 55 కోట్ల లీరాలు.

కోర్టులో ఆయన తీసుకున్న వైఖరి ఆయన పాటలను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. కాపలా కాసిన కాపరులను, కూలీలను క్షమించానన్నారు. వెనకుండి నడిపించిన డబ్బున్నవాళ్లను క్షమించలేదు. పేదవాడైతే చాలు, ఏం చేసినా సరే అనడం కాదిది. ఎవరికి వేరే దారి ఉందో, ఎవరికి లేదో అని చూడడం.

1981 ఆల్బమ్‌కు పేరు పెట్టలేదు. అట్ట మీద గుర్రమెక్కిన రెడ్ ఇండియన్ బొమ్మ ఉండడంతో జనమే దానికి ఇండియన్ అని పేరు పెట్టుకున్నారు. 1864లో అమెరికాలో సాండ్ క్రీక్ దగ్గర సైనికులు చేసిన ఊచకోత ఒక పాట. కిడ్నాప్ రోజుల మీద హోటల్ సుప్రమోంతె ఇంకో పాట. తమ నేలలోనే పరాయి రాజ్యం కింద బతికిన సార్డీనియా కాపరులను, అమెరికా ఆదివాసులను పక్కపక్కన నిలబెట్టడం ఈ ఆల్బమ్ ఆలోచన. తనను బంధించినవాళ్ల జాతిని ఆ వెంటనే ఇలా చూసిన గాయకుడు మరొకరు దొరకడం కష్టం.

జెనోవా మాట ఎందుకు

1984లో వచ్చిన క్రోజా దె మా ఆల్బమ్ మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఇటలీ బయట దె ఆంద్రె పేరు తెలియడానికి ప్రధాన కారణం ఇదే. ఇది పూర్తిగా జెనోవా భాషలో ఉంది, మిలాన్‌లో వింటున్నవాడికి కూడా అర్థం కాదు.

ఇటలీ మాండలికాలు అనగానే మనం తెలంగాణ, కోస్తా, రాయలసీమ యాసల్లాంటివి అనుకుంటాం. అలా కాదు. జెనోవా, నేపుల్స్, వెనిస్, సిసిలీ మాటలు లాటిన్ నుంచి విడివిడిగా పుట్టిన అక్కచెల్లెళ్లు. ఫ్లోరెన్స్ సాహిత్య భాష ఒకటి దేశ భాష అయింది, మిగతావి మాండలికాల లెక్కలో పడ్డాయి. 1861లో దేశం ఒకటైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు 2.5 శాతమే అని భాషావేత్త తుల్లియో దె మౌరో అంచనా. స్కూళ్లు, సైన్యం, 1954లో వచ్చిన టీవీ కలిసి వందేళ్లలో ఆ లెక్క తిరగేశాయి. 1980ల నాటికి మాండలికం అంటే ముసలివాళ్ల మాట, హాస్యానికి పనికొచ్చే మాట.

దె ఆంద్రెకి, సంగీతం కట్టిన మౌరో పగానీకి మొదట వచ్చిన ఆలోచన, మధ్యధరా రేవుల్లో నావికులు మాట్లాడే ఒక కల్పిత భాష తయారు చేద్దామని. తర్వాత చూస్తే అలాంటి భాష చేతిలోనే ఉంది. శతాబ్దాలపాటు సముద్ర వ్యాపారం చేసిన జెనోవా మాటల్లో అరబిక్, టర్కిష్ మాటలు కలిసిపోయి ఉన్నాయి. పగానీ ఊరు బ్రెషా వైపు, ఆయనకు జెనోవా భాష రాదు. ఊద్, బుజూకి, సాజ్ వంటి వాయిద్యాలతో ఆయన కట్టిన సంగీతంలోనూ ఇటలీ పాట ఆనవాళ్లు తక్కువే.

ఇందులో ఇంకో సాంకేతిక కారణం ఉంది, తెలుగు పాఠకులకు ఇది సులువుగా అందుతుంది. తెలుగును ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని మనం గొప్పగా చెప్పుకునేది రెండూ అజంత భాషలు కావడం వల్ల. పాట రాసే ఇటలీవాడికి ఆ అచ్చుల ముగింపే తలనొప్పి. ఇటాలియన్ మాటల్లో చాలావాటికి ఊనిక చివరి అక్షరం మీద కాకుండా దాని ముందు అక్షరం మీద పడుతుంది. అమోరె అంటే బరువంతా మో మీద, రె తేలిపోతుంది. బాణీలో పాదం బలమైన దెబ్బ మీద ముగిస్తే అక్కడ పెట్టడానికి మాటలు దొరకవు. అందుకే పాత పాటల రచయితలు అమోర్ అని తోక కోసేవారు, లేదా ప్రతి పాదాన్నీ భవిష్యత్ కాలపు క్రియతో ముగించేవారు. తెలుగులో ఊనికకు ఇంత పట్టు లేదు. చివరి అచ్చును సాగదీస్తే పాట సర్దుకుపోతుంది.

జెనోవా భాష చాలా మాటల్లో ఆ తోకలను ఎప్పుడో వదిలేసింది. సముద్రం ఇటాలియన్‌లో మారె, జెనోవాలో మా. గుండె అక్కడ కువోరె, ఇక్కడ కో. ఒక్క అక్షరంలో మాట అయిపోతుంది, కావాలంటే సాగుతుంది. రబ్బరులా లాగడానికి, కుదించడానికి వీలైన భాష అని ఆయన అనేవారు.

పేరులోని క్రోజా అంటే రెండు గోడల మధ్య గుట్ట మీంచి సముద్రం దాకా దిగే ఇరుకు దారి. క్రోజా దె మా అంటే సముద్రపు దారి. గాలి వీచినప్పుడు నీళ్ల మీద పడే చారలను కూడా అలా అంటారు. మొదటి పాటలో పడవలు దిగి ఒడ్డెక్కిన నావికులు ఒక పూటకూళ్ల ఇంట్లో చేరి ఏం తింటారో లెక్కబెడతారు. ఇంకో పాటలో జెనోవా కుటుంబంలో పుట్టి, టర్కుల చేతికి చిక్కి, ఒట్టోమన్ సామ్రాజ్యంలో పెద్ద పదవికి ఎక్కిన చికాలా అనే నావికుడు తన కథ చెబుతాడు. సిదూన్ అనే పాట 1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి చొచ్చుకెళ్లినప్పటిది. అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇజ్రాయెల్ రక్షణ మంత్రి షారోన్ గొంతుల రికార్డింగుతో మొదలవుతుంది. ఆ తర్వాత యుద్ధ ట్యాంకు కింద నలిగిన పసివాణ్ని ఎత్తుకున్న తండ్రి మాట్లాడతాడు, జెనోవా భాషలో. లెబనాన్ తండ్రి నోట జెనోవా మాట పెట్టడం వింటుంటే ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండదు. సముద్రం అటు ఒడ్డునా ఇటు ఒడ్డునా ఉన్నవాళ్లు చుట్టాలన్నదే ఆల్బమ్ మొత్తం చెప్పే సంగతి.

అమ్ముడుపోదని కంపెనీకి అనుమానం ఉండేది. ఆ ఏడాది టెంకో క్లబ్ పురస్కారం దీనికే వచ్చింది, జనం అర్థం కాకపోయినా కొన్నారు. అట్ట లోపల ఇటాలియన్ అనువాదం అచ్చువేశారు.

తర్వాత ఏం మారింది

ఒక్క ఆల్బమ్ వల్ల మాండలికాలు బతికి బట్టకట్టాయని చెప్పడం అతిశయోక్తి. నేపుల్స్ పాట ఎప్పుడూ బతికే ఉంది. కానీ మాండలికం అంటే జానపదమో, కామెడీయో కాకుండా కొత్త సంగీతానికి, గంభీరమైన విషయానికి పనికొస్తుందన్న ధైర్యం 1984 తర్వాత వచ్చింది. 1990లలో నేపుల్స్, సలెంతో, సార్డీనియా బృందాలు రెగ్గీలో, రాక్‌లో సొంత మాటలతో పాడుతుంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. సార్డీనియా బృందం తజెందా 1992లో పాడిన పాటకు దె ఆంద్రె కూడా మాటలు ఇచ్చారు.

ఆయన సొంతంగా వెళ్లిన దారి అంతే మెల్లగా సాగింది. 1990 ఆల్బమ్ లె నువొలెలో ఒక జైలు వార్డరు, తన కాపలాలో ఉన్న మాఫియా పెద్దాయనను, అక్కడి కాఫీని మెచ్చుకుంటూ తమ్ముడికి ఉద్యోగం అడుగుతాడు. రాజ్యం చేయాల్సిన పని ఖైదీని అడుక్కోవాల్సి వస్తోందన్న వెక్కిరింతను నేపుల్స్ మాటలో, పాత నేపుల్స్ పాట వరసలో పెట్టారు. 1996లో ఫొస్సాతితో చేసిన ఆనిమె సాల్వె చివరిది. బ్రెజిల్ నుంచి ఇటలీకి వచ్చిన ఒక ట్రాన్స్ స్త్రీ కథతో మొదలై, రోమా సంచార జాతి మీదుగా, కొలంబియా రచయిత ఆల్వారో మూతీస్ పుస్తకాల నుంచి అల్లిన ప్రార్థనతో ముగుస్తుంది. ఆ ప్రార్థన గుంపుకు ఎదురు నడిచేవాళ్ల తరఫున చేసినది.

ఆయన పోయాక పేరు ఇంకా పెరిగింది. కాగితాలు, గీతలు పెట్టుకున్న పుస్తకాలు సియెనా విశ్వవిద్యాలయానికి చేరాయి. ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎన్నిసార్లు కొట్టేసి రాశారో పరిశోధకులు ఇప్పుడు చూడగలుగుతున్నారు. సహ రచయితల వాదనకు ఇది కొత్త ఆధారం. కొడుకు క్రిస్తియానో తండ్రి పాటలతో టూర్లు చేస్తున్నాడు. మోర్గన్ అనే గాయకుడు 2005లో స్పూన్ రివర్ ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ రికార్డు చేశాడు. వియా దెల్ కాంపోలో 29 నంబరు మ్యూజిక్ షాపును నగర పాలక సంస్థ మ్యూజియం చేసింది. 1964లో రాసిన పియెరో యుద్ధం పాట స్కూలు పిల్లలకు పాఠం. ఎదురొచ్చిన శత్రువును చంపాలా వద్దా అని తటపటాయిస్తుండగా తూటా తగిలి పోయే సైనికుడి కథ అది.

ఇంత గౌరవం వల్ల చిక్కు కూడా ఉంది. ఒకప్పుడు రేడియో తీసిపారేసిన పాటలను ఇప్పుడు రాజకీయ నాయకులు ప్రసంగాల్లో వాడుకుంటున్నారు, ఏ పక్షమైనా సరే. వియా దెల్ కాంపో పర్యాటకుల దారి అయింది. 2018లో ప్రభుత్వ టీవీ ఆయన జీవితం మీద తీసిన సినిమాలో హీరో రోమ్ యాసలో మాట్లాడాడని జెనోవా వాళ్లు గొడవ చేశారు. వాళ్ల మనవళ్లలో జెనోవా భాష మాట్లాడేవాళ్లు ఎందరు అన్నది ఆ గొడవలో ఎవరూ అడగలేదు. యునెస్కో లెక్కలో అది ప్రమాదంలో ఉన్న భాష. క్రోజా దె మా పాట ఇప్పుడు కచేరీల్లో వేలమంది కలిసి పాడతారు, చాలామంది అట్ట మీది అనువాదం చూసి అర్థం నేర్చుకున్నవాళ్లే. ఆ పాట చివర వాయిద్యాలు ఒక్కొక్కటే తగ్గుతుంటే వెనక నుంచి జెనోవా చేపల మార్కెట్లో రికార్డు చేసిన కేకలు వినిపిస్తాయి. అక్కడ చేపలు అమ్మేవాళ్లు ఆ భాషలోనే, ఎవరి చేప వాళ్లు గొప్పని అరుస్తుంటారు.